స్పెయిన్‌లో చదువుకునే తెలుగు విద్యార్థి రోజువారీ జీవితం: గది వెతుక్కోవడం నుంచి పరీక్షల దాకా సమగ్ర మార్గదర్శి

స్పెయిన్‌లో మాస్టర్స్ చేయడానికి బయలుదేరే విద్యార్థికి వీసా చేతికొచ్చేదాకా సలహాలు చెప్పేవాళ్లు చాలామందే దొరుకుతారు కానీ, విమానం దిగిన మర్నాటి నుంచి రోజు ఎలా గడుస్తుందో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. ఆ దేశంలో విద్యార్థి జీవితాన్ని నడిపించేవి రెండే రెండు: ఒకదాని తోక మరొకటి పట్టుకుని వచ్చే కాగితాల వరుస, మన అలవాట్లకు పూర్తిగా ఎడంగా ఉండే అక్కడి వేళలు. ఈ రెంటికీ మొదటి నెలలోనే అలవాటు పడినవాళ్లకు మిగిలిన ఏడాది తేలిగ్గా సాగుతుంది. ఈ మార్గదర్శిలో ఉదాహరణలు ఎక్కువగా మాడ్రిడ్ నగరానివి. బార్సిలోనా, వాలెన్సియా, సలమాంకా, గ్రనాదా వంటి చోట్ల వివరాలు కొంత మారినా పద్ధతి ఇదే.

మొదటి అడుగు: గది

ఇండియాలో కూర్చుని ఫొటోలు చూసి ఏడాదికి గది ఖాయం చేసుకోవడం మంచిది కాదు. రెండు మూడు వారాలకు సరిపడా తాత్కాలిక బస చూసుకుని, అక్కడికి వెళ్లాక గదిని కళ్లారా చూసి, తలుపు తాళం తిప్పి, కుళాయి విప్పి చూశాకే డబ్బు చెల్లించాలి. గది చూడకముందే అడ్వాన్సు పంపమనేవారు, తాము వేరే దేశంలో ఉన్నామని, తాళాలు కొరియర్‌లో పంపుతామని చెప్పేవారు దాదాపుగా మోసగాళ్లే. ఇదెయలిస్తా, ఫోతోకాసా వంటి సైట్లలో వెతికేటప్పుడు మొత్తం ఫ్లాటు కోసం కాకుండా, నలుగురైదుగురు కలిసి ఉండే ఫ్లాటులో ఒక గది కోసం చూడాలి. మాడ్రిడ్‌లో అలాంటి గదికి నెలకు సుమారుగా 450 నుంచి 650 యూరోల దాకా పెట్టుకోవలసి వస్తుంది. ఒక నెల అద్దె డిపాజిట్‌గా ముందే కట్టడం మామూలే; దాన్ని ‘ఫియాన్సా’ అంటారు. కొలేహియో మయోర్ అనే విద్యార్థి నివాసాలలో గదితో పాటు భోజనమూ ఉంటుంది కానీ, అక్కడి ఖర్చూ నిబంధనలూ రెండూ ఎక్కువే.

గది చూడ్డానికి వెళ్లినప్పుడు అడగవలసిన మొట్టమొదటి ప్రశ్న అద్దె గురించి కాదు, ‘ఈ చిరునామాపై నేను పద్రోన్‌లో నమోదు కావచ్చా?’ అని. పద్రోన్ అంటే నగరపాలక సంస్థ దగ్గర ఉండే నివాసుల రిజిస్టరు. కొందరు యజమానులు పన్ను భయంతోనో, ఇతర కారణాలతోనో దీనికి ఒప్పుకోరు. అలాంటి గది నెలకు ఏభై యూరోలు చవకైనా వదిలేయడమే మేలు, ఎందుకంటే తరువాతి కాగితాల్లో చాలావాటికి ఆ నమోదే ఆధారం. రెండో ప్రశ్న కరెంటు, నీళ్లు, గ్యాస్, ఇంటర్నెట్ అద్దెలో కలిసే ఉన్నాయా అనేది. మూడోది, కిటికీ వీధివైపు ఉందా, లోపలి గాలిసందు వైపు ఉందా అనేది. లోపలి గదిలో పగటి వెలుతురు రాదు, పక్కింటి వేపుడు వాసన మాత్రం తప్పకుండా వస్తుంది.

పాత కట్టడాల్లో గది తీసుకునేవాళ్లు వేడినీళ్లు దేనితో కాగుతాయో కూడా అడగాలి. పైపు గ్యాస్ లేని ఇళ్లలో ఇప్పటికీ నారింజరంగు బ్యూటేన్ బండలే వాడతారు. మన ఇంటి బండలో 14.2 కిలోల గ్యాస్ ఉంటే దానిలో 12.5 కిలోలు ఉంటుంది. ఇనుముతో కలిపితే బరువు దాదాపు రెట్టింపవుతుంది. లిఫ్టు లేని నాలుగో అంతస్తులో జనవరి ఉదయం తలకు షాంపూ పట్టించుకున్నాక బండ అయిపోతే ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. అందుకే అలాంటి ఇంట్లో నిండు బండ ఒకటి ఎప్పుడూ వంటింటి బాల్కనీలో ఉండాలని, ఖాళీ బండ మార్చే వంతు ఎవరిదో ఫ్రిజ్ మీద రాసి పెట్టాలని గదిలో దిగిన రోజే తోటివాళ్లతో అనుకోవాలి.

కరెంటు బిల్లు విడిగా కట్టే ఇళ్లలో వేళల లెక్క తెలిసి ఉండాలి. 2021 జూన్ నుంచి అమల్లో ఉన్న పద్ధతి ప్రకారం, పనిదినాల్లో ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 వరకు, సాయంత్రం 6 నుంచి రాత్రి 10 వరకు ధర అధికం. అర్ధరాత్రి నుంచి ఉదయం 8 వరకు, శని ఆదివారాల్లో రోజంతా తక్కువ. ప్రభుత్వ నియంత్రణలోని ధర కట్టే ఇళ్లలో ఈ తేడా నేరుగా బిల్లులో కనబడుతుంది, ఒకే స్థిరధరకు ఒప్పందం చేసుకున్న ఇళ్లలో అంతగా కనబడదు. స్పెయిన్ విద్యార్థుల ఇళ్లలో వాషింగ్ మెషిన్ శనివారమే తిరుగుతుండడానికి సగం కారణం ఇదే.

రెండో అడుగు: కాగితాల వరుస

వరుస ఇలా ఉంటుంది: గది ఒప్పందం, దానితో పద్రోన్ నమోదు, ఆ పత్రంతో విదేశీయుల గుర్తింపు కార్డైన టీఐఈ. ఆరు నెలలకు మించిన చదువు కోసం వచ్చినవారు దేశంలో అడుగుపెట్టిన నెల రోజుల లోపల టీఐఈకి దరఖాస్తు చేసుకోవాలి; అంతకు తక్కువ కాలానికి వచ్చినవారికి వీసాయే చాలు. ఆఫీసుల్లో ఈ కార్డును ‘తియే’ అని, దానిమీది విదేశీయుల సంఖ్యను ‘నియే’ అని పలుకుతారు. ఆ సంఖ్య మామూలుగా వీసా స్టిక్కరు మీదే ముద్రించి ఉంటుంది, కాబట్టి అది లేదనుకుని కంగారు పడి మళ్లీ దరఖాస్తు చేయనవసరం లేదు.

టీఐఈ కోసం ఈఎక్స్-17 ఫారం నింపాలి, 790-012 అనే ఫారంతో రుసుము బ్యాంకులో కట్టాలి, పాస్‌పోర్టు సైజు ఫొటో, పాస్‌పోర్టు, వీసా పేజీల నకళ్లు, పద్రోన్ పత్రం పట్టుకుని వేలిముద్రలకు వెళ్లాలి. ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్ వంటి నగరాల మీదుగా వచ్చినవాళ్లు స్పెయిన్‌కు చేరిన విమానం బోర్డింగ్ పాస్‌ను పారేయకూడదు, దేశంలోకి ఎప్పుడు వచ్చారన్నదానికి అదీ ఒక రుజువు. వేలిముద్రలు తీసుకున్నాక ఇచ్చే రసీదును కార్డు చేతికొచ్చేదాకా పాస్‌పోర్టుతో సమానంగా భద్రపరచాలి.

ఈ పనులన్నింటికీ ముందుగా ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంటు తీసుకోవాలి. దాన్నే ‘సితా ప్రేవియా’ అంటారు. పెద్ద నగరాల్లో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇది దొరకడమే అసలు పరీక్ష. గదిలో దిగిన రోజు నుంచే, పత్రాలు పూర్తిగా చేతికి రాకముందే, రోజూ పొద్దున్నే వెబ్‌సైటు తెరిచి చూస్తుండాలి. అపాయింట్‌మెంటుకు ప్రభుత్వం ఒక్క సెంటు కూడా తీసుకోదు. డబ్బు తీసుకుని ఇప్పిస్తామనే దళారుల జోలికి వెళ్లకూడదు.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు పేరు దగ్గర. స్పెయిన్ ఫారాల్లో సొంతపేరుకు ఒక గడి, ఇంటిపేర్లకు రెండు గడులు ఉంటాయి, ఎందుకంటే అక్కడ తండ్రి తరఫుది, తల్లి తరఫుది కలిపి ఇద్దరి ఇంటిపేర్లూ పెట్టుకుంటారు. మనకు రెండో గడి ఖాళీగా వదిలేయాలి. తండ్రిపేరునో, కులసూచకాన్నో అందులో నింపకూడదు. పద్రోన్, టీఐఈ, బ్యాంకు, యూనివర్సిటీ అన్నిచోట్లా పాస్‌పోర్టులో ఉన్న వరుసే, అవే అక్షరాలతో రావాలి. ఒకచోట ఇంటిపేరు ముందు, మరోచోట వెనుక పడితే ఇద్దరు వేర్వేరు మనుషులుగా నమోదైనట్టే, దాన్ని సరిదిద్దడానికి మళ్లీ ఇంకో అపాయింట్‌మెంటు కావాలి.

మూడో అడుగు: ఫోను, బ్యాంకు, ప్రయాణం

ప్రీపెయిడ్ సిమ్ పాస్‌పోర్టు చూపిస్తే అప్పటికప్పుడు ఇస్తారు. బ్యాంకు ఖాతాకు యువతకు రుసుములు లేని పథకాలు అడిగి చూడాలి. ఖాతా తెరవగానే బిజుమ్ అనే సదుపాయాన్ని ఫోను నంబరుతో కలుపుకోవాలి. మన దగ్గర ఫోన్‌పే ఎంత మామూలో అక్కడ స్నేహితుల మధ్య లెక్కలు తేల్చుకోవడానికి బిజుమ్ అంత మామూలు. అద్దెలో వాటా, పుట్టినరోజు కేకు చందా, కాఫీ డబ్బులు అన్నీ దానిమీదే నడుస్తాయి.

ప్రయాణానికి మాడ్రిడ్‌లో 26 ఏళ్లలోపు వారికి ఇచ్చే యువ నెలపాస్‌ను మించిన బేరం లేదు. దాని అసలు ధర నెలకు 20 యూరోలు, ఇటీవలి సంవత్సరాల్లో రాయితీలతో అంతకన్నా తక్కువకే వస్తోంది. మెట్రో, సిటీ బస్సు, శివారు రైలు, చుట్టుపక్కల ఊళ్ల బస్సులు అన్నింటికీ అదే చెల్లుతుంది. కాబట్టి నగరం నడిబొడ్డున ఇరుకు గదికి ఎక్కువ అద్దె కట్టడం కంటే, నేరుగా మెట్రో ఉన్న శివారులో వెలుతురున్న గది తీసుకోవడం నా లెక్కలో తెలివైన పని. మెట్రో మామూలుగా ఉదయం 6 నుంచి రాత్రి 1.30 వరకు నడుస్తుంది. ఆ తరువాత సిబేలెస్ కూడలి నుంచి ‘గుడ్లగూబలు’ అని పిలుచుకునే రాత్రి బస్సులుంటాయి.

నాలుగో అడుగు: అక్కడి గడియారానికి మారడం

రేఖాంశం ప్రకారం చూస్తే స్పెయిన్ దాదాపు లండన్ దిగువనే ఉంది, కానీ 1940 నుంచి మధ్య ఐరోపా సమయాన్ని పాటిస్తోంది. అందువల్ల జూన్‌లో మాడ్రిడ్‌లో రాత్రి పావుతక్కువ పదింటికి గాని పొద్దు గుంకదు. జనవరి మొదట్లో ఎనిమిదిన్నర దాటితే గాని తెల్లవారదు. భోజన వేళలు కూడా అలాగే జరిగి ఉంటాయి. పొద్దున ఒక కాఫీ, టమాటా గుజ్జు, ఆలివ్ నూనె రాసిన రొట్టె ముక్క; పదకొండు ప్రాంతంలో చిన్న చిరుతిండి; అసలు భోజనం మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య; రాత్రి భోజనం 9 తరువాత. సాయంత్రం ఏడింటికి రెస్టారెంటుకు వెళ్లి కూర్చుంటే వంటగది ఇంకా తెరవలేదంటారు.

ఈ వేళలను బట్టే రోజును పేర్చుకోవాలి. ప్రభుత్వ ఆఫీసులు, బ్యాంకు శాఖల పని అంతా ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 లోపలే. చిన్న దుకాణాలు రెండింటికి మూసి మళ్లీ అయిదింటికి తెరుస్తాయి. మాస్టర్స్ తరగతులు చాలాచోట్ల సాయంత్రం వేళ, నాలుగింటి నుంచి ఎనిమిది దాకా ఉంటాయి. కాబట్టి పొద్దున కాగితాల పనులు, ఆ తరువాత లైబ్రరీ, రెండున్నరకు కడుపునిండా భోజనం, సాయంత్రం తరగతి, పదింటికి తేలికపాటి భోజనం అనే క్రమం బాగా కుదురుతుంది. హాస్టల్లో ఎనిమిదింటికే అన్నం తిని పడుకునే అలవాటును అక్కడికి కూడా పట్టుకెళితే, స్నేహితులతో కూర్చునే వేళ ఒక్కటీ మిగలదు.

ఇంటికి ఫోను చేసే వేళ కూడా ఏడాదికి రెండుసార్లు మారుతుంది. చలికాలంలో మనకన్నా స్పెయిన్ నాలుగున్నర గంటలు వెనుక. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా మూడున్నర గంటలు. సాయంత్రం తరగతికి ముందు, మధ్యాహ్నం మూడున్నరకు ఫోను చేస్తే ఇంట్లో వాళ్లు డిసెంబరులో రాత్రి ఎనిమిదింటికి, మే నెలలో ఏడింటికి దొరుకుతారు. తరగతి అయ్యాక చేద్దామనుకుంటే చలికాలంలో హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాటిపోతుంది.

ఐదో అడుగు: వంటిల్లు

ఇంటి నుంచి ఏం తీసుకెళ్లాలన్నది మొదట తేల్చుకోవాలి. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు సామానులో తేకూడదు; అంటే కోడిమాంసం పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలేయాలి. మామిడిపళ్లు, పచ్చి కరివేపాకు కూడా ధ్రువపత్రం లేకుండా కుదరవు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కారం, కందిపొడి, సాంబారు పొడి, ఎండబెట్టిన చింతపండు మాత్రం గట్టిగా సీలు వేయించి తీసుకెళ్లవచ్చు. నా సలహా ఏమిటంటే, బియ్యానికి, పప్పులకు సూట్‌కేసులో చోటు వృథా చేయకుండా, ఆ బరువుకు మంచి గుంటూరు కారం పట్టుకెళ్లాలి. స్పెయిన్ సూపర్‌మార్కెట్లో ఎర్రగా నిగనిగలాడే ‘పిమెంతోన్’ పొడి చూసి మోసపోకూడదు. ‘పికాంతె’ అని, అంటే కారంగా ఉండేదని రాసి ఉన్నా మన నాలుకకు అది రంగే, కారం కాదు. లా వేరా ప్రాంతంలో తయారయ్యే రకానికైతే కట్టెలపొగ వాసన కూడా ఉంటుంది, దానితో పులుసు పెడితే రుచే మారిపోతుంది.

పప్పుల విషయంలో ఇబ్బంది తక్కువ. శనగలు, అలసందలు, రకరకాల మసూర్లు స్పెయిన్ వాళ్లూ వారానికోసారి తింటారు, ప్రతి సూపర్‌మార్కెట్లో చవకగా ఉంటాయి. కందిపప్పు, ఆవాలు, ఇంగువ, మినప్పప్పు కోసం మాత్రం మాడ్రిడ్‌లో లవాపియెస్, బార్సిలోనాలో రవాల్ పేటల్లో దక్షిణాసియా దుకాణాలకు వెళ్లాలి. బెండకాయలు, చింతపండు లాటిన్ అమెరికా సరుకుల అంగళ్లలో కూడా కనిపిస్తాయి. బియ్యం కొనేటప్పుడు పొడుగు గింజ రకం చూసుకోవాలి. వాలెన్సియా గుండ్రటి బియ్యం పయేయా అనే అక్కడి అన్నం వంటకానికి ఎంత బాగుంటాయో పులిహోరకు అంత పనికిరావు. కొత్తిమీర పక్కనే పార్స్‌లీ కట్టలు అచ్చు అలాగే ఉంటాయి. ఒక ఆకు నలిపి వాసన చూసి తీసుకోవాలి. మెర్కదోనా వంటి దుకాణాలు ఆదివారం మూసి ఉంటాయి కాబట్టి, శనివారం సాయంత్రమే వారానికి సరిపడా సరుకులు తెచ్చుకోవాలి.

పెరుగు దగ్గర తెలుగు విద్యార్థికి స్పెయిన్ బాగా కలిసివస్తుంది. ‘నతురాల్’ అని రాసి ఉన్న చక్కెర లేని 125 గ్రాముల కప్పు ఒకటి కొని, లీటరు పాలు కాచి గోరువెచ్చగా చల్లార్చి తోడు వేసి, చలికాలమైతే గిన్నెను తువ్వాలుతో చుట్టి రేడియేటర్ పక్కన పెడితే తెల్లారేసరికి గట్టిగా తోడుకుంటుంది. అల్మారాల్లో పెట్టి అమ్మే డబ్బాపాలతోనూ తోడుకుంటుంది, ఫ్రిజ్‌లో ఉండే తాజా పాలతో అయితే మీగడ కడుతుంది.

పొయ్యి సంగతి ముందే కనుక్కుని కుక్కరు తీసుకెళ్లాలి. చాలా ఇళ్లలో గాజుపలక మీద వేడెక్కే విద్యుత్ పొయ్యి ఉంటుంది. దానికి అడుగు చదునుగా ఉన్న పాత్ర చాలు. ఇండక్షన్ పొయ్యి అయితే అల్యూమినియం కుక్కరు పనిచేయదు. ఎండుమిరపకాయ పోపు పెట్టేటప్పుడు పొగ పీల్చే ఫ్యాను వేసి, కిటికీ తీసి, వంటింటి తలుపు మూయాలి. ఫ్లాటులో ఉన్నవాళ్లంతా దగ్గుతూ గదుల్లోంచి బయటికి వచ్చాక క్షమాపణ చెప్పేకంటే ముందే ‘ఐదు నిమిషాలు’ అని హెచ్చరించడం మర్యాద.

బయట తినేటప్పుడు ‘మెనూ దెల్ దీయా’ అడగాలి. పనిదినాల్లో మధ్యాహ్నం పూట మొదటి వంటకం, రెండో వంటకం, రొట్టె, పానీయం, చివర్లో తీపి గాని కాఫీ గాని కలిపి సుమారు 12 నుంచి 15 యూరోలకు పెడతారు. యూనివర్సిటీ క్యాంటీన్లలో ఇంకా తక్కువ. శాకాహారులు మాత్రం ‘మాంసం వద్దు’ అని ఊరుకుంటే చాలదు. చాలామంది వడ్డించేవారి దృష్టిలో హమోన్ అనే పంది తొడమాంసం ముక్కలు, ట్యూనా చేప మాంసం కిందికి రావు. ‘మాంసం వద్దు, హమోన్ వద్దు, చేప వద్దు’ అని విడివిడిగా చెప్పాలి. పప్పుకూరలా కనిపించే లెంతేహాస్‌లో చోరిసో అనే పందిమాంసం సాసేజ్ ముక్కలు, గుండ్రటి వేపుడు వంటకమైన క్రోకేతాల లోపల హమోన్, క్రిస్మస్ నాటి పొడిపొడిగా ఉండే పోల్వోరోన్ మిఠాయిల్లో పందికొవ్వు తరచుగా ఉంటాయి. పాలకూర శనగల కూర, కూరగాయలతో చేసే పిస్తో, చల్లటి టమాటా సూపైన గస్పాచో, వేయించిన పాద్రోన్ ఊరి మిరపకాయలు ఎక్కువగా నిశ్చింతగా తినవచ్చు. గుడ్డు తినేవారికి బంగాళాదుంప తోర్తీయా, అంటే మందపాటి ఆమ్లెట్, ప్రతి వీధిలో దొరుకుతుంది.

ఆరో అడుగు: తరగతి గది

మార్కులు పదికి వేస్తారు. 5 వస్తే ఉత్తీర్ణత, 7 నుంచి ‘నోతాబ్లె’, 9 నుంచి ‘సోబ్రెసాలియెంతె’. ఆ పైన ‘మత్రీకులా దె ఓనోర్’ అనే గౌరవం తరగతిలో 5 శాతం మందికి మించి ఇవ్వరు. ఇంజినీరింగులో 85 శాతానికి అలవాటు పడిన విద్యార్థికి 7 చూడగానే గుండె జారిపోతుంది. అక్కడ అది మంచి మార్కే. ఒక పూర్తి విద్యాసంవత్సరం అంటే 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు తరగతి, ఇంటిపని, పరీక్ష అన్నీ కలిపి 25 నుంచి 30 గంటల శ్రమ అని లెక్క. అంటే చివరి నెలలో కూర్చుని గట్టెక్కే పద్ధతి పనిచేయదు. ప్రతివారం ఇచ్చే చిన్నపనులు, చర్చల్లో పాల్గొనడం కూడా మార్కుల్లోకి వస్తాయి. ప్రతి సబ్జెక్టుకు ‘గీయా దొసెంతె’ అనే పత్రం వెబ్‌సైటులో పెడతారు. దేనికి ఎంత శాతం మార్కులో, మొదటి విడతలో తప్పితే రెండో విడత పరీక్షలో ఏది లెక్కలోకి వస్తుందో అందులో స్పష్టంగా ఉంటుంది, కాబట్టి తరగతులు మొదలైన వారంలోనే దాన్ని చదవాలి.

ప్రొఫెసర్లను పేరుపెట్టి పిలవడం, ‘నువ్వు’ అనడం అక్కడ సహజం. ‘సార్’ అని నిలబడిపోయే మనకు మొదట్లో నోరు రాదు గాని, దాన్ని అమర్యాదగా ఎవరూ తీసుకోరు. సందేహాలకు ‘తుతోరీయా’ అని ప్రతి ప్రొఫెసరుకూ నిర్ణీత గంటలుంటాయి. ఈమెయిలు పెట్టి వెళ్లాలి. బార్సిలోనా, వాలెన్సియాలకు వెళ్లేవారు తరగతి స్థానిక భాషలైన కాటలాన్‌లోనో, వాలెన్సియన్‌లోనో జరుగుతుందో, కాస్తిలియన్ స్పానిష్‌లో జరుగుతుందో సబ్జెక్టు ఎంచుకునే ముందే చూసుకోవాలి.

ఏడో అడుగు: మనుషులతో మసలుకోవడం

లిఫ్టులోకి, దుకాణంలోకి, వైద్యుడి వేచివుండే గదిలోకి అడుగుపెట్టగానే ‘బుయెనాస్’ అనాలి, వెళ్లేటప్పుడు ‘అస్తా లుయేగో’ అనాలి. తల వంచుకుని మౌనంగా వెళ్లిపోతే పొగరనుకుంటారు. సంతలో చేపల కొట్టు దగ్గర వరుస కనిపించదు, జనం చెల్లాచెదురుగా నిలబడి ఉంటారు. అయినా వరుస ఉంది. వెళ్లగానే ‘చివరివారెవరు?’ అని పైకి అడగాలి. ఒక పెద్దావిడ చెయ్యెత్తి ‘నేను’ అంటుంది. ఆవిడ తరువాత మన వంతు. ఇంకొకరు వచ్చి అడిగినప్పుడు చెయ్యెత్తవలసింది మనమే. ఈ ఒక్క వాక్యం నేర్చుకుంటే ఫార్మసీలోనూ ఆసుపత్రిలోనూ కూడా పనికొస్తుంది.

ఇంట్లో చెత్త విడదీయడం నిక్కచ్చిగా పాటించాలి: ప్లాస్టిక్, డబ్బాలు పసుపు తొట్టెలో, కాగితం నీలంలో, గాజు ఆకుపచ్చలో, తిండి వ్యర్థాలు గోధుమరంగులో. రాత్రివేళ వీధిలో ఎంత గోల ఉన్నా ఇంట్లో సంగీతం గట్టిగా పెడితే పై అంతస్తువాళ్లు పోలీసులను పిలవవచ్చు.

ఆరోగ్యం, పని, సెలవుల ప్రయాణం

అత్యవసరమైతే 112. ఆకుపచ్చ సిలువ గుర్తున్న ఫార్మసీలో జ్వరం మాత్రలు దొరుకుతాయి కానీ, యాంటీబయోటిక్‌లు, 600 మిల్లీగ్రాముల ఇబుప్రోఫెన్ డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు. రాత్రిపూట తెరిచి ఉండే ఫార్మసీ ఏదో మూసిన ఫార్మసీ తలుపుమీదే రాసి ఉంటుంది. చదువుకు ఆటంకం కానంతవరకు వారానికి 30 గంటల దాకా పని చేయవచ్చు. ఒప్పందం లేకుండా, సామాజిక భద్రతా నమోదు లేకుండా చేతికి డబ్బిచ్చే పనులకు దూరంగా ఉండాలి, బయటపడితే చిక్కు పనిచ్చినవాడితో పాటు విద్యార్థికీ చుట్టుకుంటుంది.

సంక్రాంతికో, వేసవి సెలవులకో ఇంటికి వెళ్లాలనుకునేవారు టికెట్ కొనే ముందు టీఐఈ గడువు చూసుకోవాలి. దాన్ని పొడిగించుకునే దరఖాస్తు గడువుకు రెండు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు. కొత్త కార్డు రాకముందే దేశం దాటవలసి వస్తే, ఈఎక్స్-13 ఫారంతో ‘తిరిగి రావడానికి అనుమతి’ తీసుకుని మరీ వెళ్లాలి. దీనికి కూడా అపాయింట్‌మెంటు కావాలి కాబట్టి ప్రయాణానికి కనీసం నెలన్నర ముందు మొదలుపెట్టాలి. ఆ అనుమతితో తిరిగి వచ్చేవారు హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహా వంటి గల్ఫ్ నగరాల మీదుగా నేరుగా మాడ్రిడ్‌లో దిగే టికెట్ తీసుకోవాలి. మధ్యలో మరో ఐరోపా దేశం మీదుగా వస్తే, స్పెయిన్ ఇచ్చిన ఆ కాగితాన్ని అక్కడి సరిహద్దు అధికారి ఒప్పుకోకపోయే ప్రమాదం ఉంది.